గది వెలుతురుకు పెరోవ్‌స్కైట్ సెల్: ముందు దేన్ని సరిచేయాలి?

ఎంటెక్ ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో ఇండోర్ పెరోవ్‌స్కైట్, అంటే పెరోవ్‌స్కైట్ అనే స్ఫటిక పదార్థంతో గది వెలుతురుని కరెంటుగా మార్చే సోలార్ సెల్, అని టాపిక్ తీసుకున్నాక అందరికీ ఒకటే టెన్షన్. బ్రోమిన్ కలిపి బ్యాండ్‌గ్యాప్ (పదార్థం పీల్చుకోవాలంటే ఫోటాన్‌కి ఉండాల్సిన కనీస శక్తి) పెంచాలా, లోపాలు పూడ్చే లవణాలు వాడాలా, సీసం తీసేసి తగరం పెట్టాలా, బంగారం బదులు కార్బన్ పూయాలా? ఏ దారికైనా కుప్పలుగా పేపర్లు దొరుకుతాయి, ప్రతి పేపర్లోనూ వాళ్ళు పట్టుకున్న దారే గెలుస్తుంది. చదివేవాడికి మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు.

ఈ పోలిక ముఖ్యంగా ల్యాబ్‌లో సెల్ చేసేవాళ్ళకి. గది వెలుతురుతో నడిచే సెన్సార్ అమ్మాలనుకునే చిన్న కంపెనీవాళ్ళకీ, సరదాగా ఇంట్లో ఒక బోర్డు తగిలించి చూద్దామనుకునేవాళ్ళకీ చివర్లో వేరే మాట ఉంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా: ముందు లీకేజీ, తర్వాత లోపాలు, ఆ తర్వాతే బ్యాండ్‌గ్యాప్. చాలామంది దీన్ని తలకిందులుగా మొదలుపెడతారు, ఎందుకంటే బ్యాండ్‌గ్యాప్ గ్రాఫు స్లైడులో బాగుంటుంది.

## దేన్ని బట్టి పోల్చాలి

వెలుతురు ఎంత. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా వెళ్తుంది. ఆఫీసులో బల్ల మీద 300 నుంచి 500 లక్స్, ఇంట్లో హాల్లో సాయంత్రం లైటు వేస్తే 100 నుంచి 200. తెల్ల ఎల్‌ఈడీ కింద 200 లక్స్ అంటే ఒక చదరపు సెంటీమీటరు మీద పడేది సుమారు 60 మైక్రోవాట్లు. ఎండలో అదే చోట పడేది లక్ష మైక్రోవాట్లు. అంటే వెయ్యి రెట్లకు పైగా తేడా. ఎండకోసం నేర్చుకున్న లెక్కలు ఇక్కడ పనిచేయకపోవడానికి సగం కారణం ఇదే.

వెలుతురులో ఏ రంగులున్నాయి. ఎల్‌ఈడీ వెలుతురు దాదాపుగా 400 నుంచి 700 నానోమీటర్ల మధ్యే ఉంటుంది, పరారుణం ఉండదు. సిలికాన్ బ్యాండ్‌గ్యాప్ 1.12 ఎలక్ట్రాన్ వోల్ట్‌లు, అది 1100 నానోమీటర్ల దాకా పీల్చుకోగలదు, కానీ పీల్చుకోవడానికి అక్కడ ఏమీ లేదు. పైగా ఒక్కో ఫోటాన్ తెచ్చే శక్తిలో ఆ 1.12కి పైన ఉన్నదంతా వేడిగా పోతుంది. సింగిల్ సెల్‌కి ఎండలో సైద్ధాంతిక గరిష్ఠం 1.34 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గర 33.7 శాతం. గదిలో ఆ శిఖరం 1.8, 1.9 దగ్గరికి జరుగుతుంది, గరిష్ఠం 50 శాతం దాటుతుంది. పెరోవ్‌స్కైట్ మీద ఆశ అంతా ఇక్కడే పుట్టింది, ఎందుకంటే అయోడిన్, బ్రోమిన్ పాళ్ళు మార్చి దాని బ్యాండ్‌గ్యాప్‌ని 1.5 నుంచి 2.3 దాకా ఎక్కడ కావాలంటే అక్కడికి తెచ్చుకోవచ్చు.

లీకేజీ. దీని దగ్గర కాస్త ఆగుదాం. ఒక చదరపు సెంటీమీటరు సెల్ తీసుకోండి. ఎండలో అది 20 మిల్లీఆంపియర్లు ఇస్తుందనుకుందాం, 200 లక్స్‌లో 25 మైక్రోఆంపియర్లు. సన్నపొరలో పిన్‌హోల్స్ వల్ల పై ఎలక్ట్రోడ్ నుంచి కింది ఎలక్ట్రోడ్‌కి 10 కిలో ఓమ్‌ల దొంగదారి ఒకటి ఏర్పడింది. ఎండలో ఒక వోల్ట్ దగ్గర దాని గుండా పోయేది 0.1 మిల్లీఆంపియర్, అంటే 20లో అర శాతం, ఎవరూ పట్టించుకోరు. అదే సెల్‌ని గదిలోకి తెస్తే 0.8 వోల్ట్ దగ్గర ఆ దారి 80 మైక్రోఆంపియర్లు అడుగుతుంది, సెల్ తయారుచేసేదే 25. వోల్టేజ్ పావు వోల్ట్‌కి పడిపోతుంది, సామర్థ్యం 3 శాతం కూడా రాదు. బోరు పంపు పోస్తుంటే చిల్లు బిందె కూడా నిండుతుంది, చుక్కలు చుక్కలుగా పడే కుళాయి కింద నిండదు. ఆ దొంగదారి నిరోధం 10 కిలో ఓమ్‌ల నుంచి ఒక మెగా ఓమ్‌కి చేరితే నష్టం 3 శాతం దగ్గర ఆగిపోతుంది. ఎండలో 20 శాతం ఇచ్చిన సెల్ గదిలో చతికిలపడటం, ఎండలో 12 శాతమే ఇచ్చినది గదిలో దుమ్ము రేపడం ఇందుకే జరుగుతుంది.

దీనికి ఎదురు లెక్క ఒకటుంది, అది మనకి లాభం. సిరీస్ నిరోధం, అంటే కరెంటు బయటికి వచ్చే దారిలోని నిరోధం, గదిలో అసలు లెక్కలోకే రాదు. 20 ఓమ్‌లు ఉన్నా, 25 మైక్రోఆంపియర్లకి పోయేది అర మిల్లీవోల్ట్. ఎండలో ఇదే 20 ఓమ్‌లు 0.4 వోల్ట్ తినేస్తుంది. కాబట్టి ఎండకి పనికిరావని పక్కన పెట్టిన పదార్థాలు కొన్ని గదికి పనికొస్తాయి, కార్బన్ దగ్గర మళ్ళీ దీనికి వస్తా.

వోల్టేజ్ ఎంత నిలుస్తుంది. వెలుతురు పది రెట్లు తగ్గిన ప్రతిసారీ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ 60 మిల్లీవోల్ట్‌లు పడుతుంది, అదీ ఛార్జీలు ఎలా నష్టపోతున్నాయో చెప్పే ఐడియాలిటీ ఫ్యాక్టర్ 1 అయితే. లోపాల దగ్గర ఛార్జీలు చచ్చిపోతుంటే అది 2 వైపు వెళ్తుంది, పతనం 120 అవుతుంది. ఎండ నుంచి 200 లక్స్‌కి వస్తే కరెంటు 800 రెట్లు తగ్గుతుంది కాబట్టి మంచి సెల్ 170 మిల్లీవోల్ట్‌ల వరకు కోల్పోతుంది, లోపాలున్న సెల్ 350 దగ్గర. ఎండలో రెండూ 1.1 వోల్ట్‌లే చూపించినా సరే.

ఇంకా మన్నిక, సీసం, తయారీ కష్టం ఉన్నాయి. వాటిని ఆయా దారుల దగ్గరే చూద్దాం.

## ఒక్క చూపులో

| దారి | గదిలో లాభం | ప్రధాన చిక్కు | ల్యాబ్‌లో కష్టం |
|---|---|---|---|
| లీకేజీ తగ్గించే కాంటాక్ట్ పొరలు | చాలా ఎక్కువ, తక్కువ లక్స్‌లో మరీ | పేపర్లో మెరిసే కొత్తదనం తక్కువ | మధ్యస్థం |
| లోపాలు పూడ్చడం | ఎక్కువ, మన్నిక కూడా పెరుగుతుంది | మోతాదు తప్పితే ఎదురు తిరుగుతుంది | తక్కువ నుంచి మధ్యస్థం |
| బ్రోమిన్‌తో బ్యాండ్‌గ్యాప్ పెంచడం | వోల్టేజ్ పెరుగుతుంది | హాలైడ్‌లు (అయోడిన్, బ్రోమిన్) విడిపోవడం, పొర నాణ్యత | మధ్యస్థం |
| పూర్తి ఇనార్గానిక్ (సీజియం) | 1.9 దగ్గర సరైన బ్యాండ్‌గ్యాప్ | తేమకి ఫేజ్ (స్ఫటిక రూపం) మారడం | ఎక్కువ |
| కార్బన్ ఎలక్ట్రోడ్ | చవక, మన్నిక | వోల్టేజ్ కొంత తక్కువ | తక్కువ |
| సీసం లేనివి | నియమాల చిక్కు లేదు | సామర్థ్యం, ఆక్సీకరణ | చాలా ఎక్కువ |

## లీకేజీ, కాంటాక్ట్ పొరలు

ఎవరికీ పెద్దగా ఇష్టం ఉండని పని ఇది, కానీ ఫలితం వెంటనే కనిపించేది ఇక్కడే. ముందు మీ సెల్‌ని చీకట్లో పెట్టి కరెంటు వోల్టేజ్ గ్రాఫు తీయండి. సున్నాకి అటూ ఇటూ ఉన్న వాలు చూస్తే షంట్ నిరోధం, అంటే ఆ దొంగదారి నిరోధం, తెలిసిపోతుంది. ఒక చదరపు సెంటీమీటరుకి లెక్కగడితే అది వంద కిలో ఓమ్‌ల లోపే ఉంటే బ్రోమిన్ సంగతి ప్రస్తుతానికి మర్చిపోండి.

కారణాలు సాధారణంగా ఇవే: అద్దం సరిగ్గా శుభ్రం కాకపోవడం, ఐటీఓ (అద్దం మీది పారదర్శక ఎలక్ట్రోడ్) చెక్కిన అంచుల దగ్గర పొర సన్నబడటం, ఎలక్ట్రాన్లని లాగే పొర కొన్నిచోట్ల అసలు పరుచుకోకపోవడం, స్ఫటికం కట్టించే యాంటీ సాల్వెంట్ వేసే క్షణం తప్పడం. ఆ ఎలక్ట్రాన్ పొరకి టైటానియం డయాక్సైడ్ వాడేవాళ్ళు టిన్ ఆక్సైడ్‌కి మారడం గురించి ఆలోచించవచ్చు. అది 150 నుంచి 180 డిగ్రీల్లో అయిపోతుంది, దట్టంగా నున్నగా పరుచుకుంటుంది. టైటానియం డయాక్సైడ్‌కి ఎండలో ఉన్న అతినీలలోహిత సమస్య ఎల్‌ఈడీ కింద దాదాపు ఉండదన్నది నిజమే, కానీ దానిలో ఛార్జీలని పట్టేసే ట్రాప్‌లు తక్కువ వెలుతురులో బాగా బయటపడతాయి, సెల్ రీడింగ్ నిలకడకి రావడానికి నిమిషాలు పడుతుంది.

రెండో వైపు హోల్ పొరకి, అంటే ధన ఛార్జీలని లాగే పొరకి, స్పైరో అనే సేంద్రియ పదార్థం వాడితే దానిలోని లిథియం లవణం తేమని లాక్కుంటుంది. వానాకాలంలో విశాఖలోనో కాకినాడలోనో గాలి, తేమ చొరబడని గ్లవ్ బాక్స్ బయట చేసేవాళ్ళకి ఇది బాగా తెలుసు. తలకిందుల నిర్మాణంలో, అంటే హోల్ పొర కింద ఉండే పద్ధతిలో, 2పీఏసీజెడ్ లాంటి సెల్ఫ్ అసెంబుల్డ్ మోనోలేయర్లు ఇప్పుడు చాలామంది వాడుతున్నారు. ఒక్క అణువు మందమే కాబట్టి పదార్థం ఖర్చు తక్కువ, ఇంటర్‌ఫేస్ దగ్గర నష్టం తక్కువ. చిక్కేమిటంటే ఆ పొర ఒక్కచోట లేకపోయినా అక్కడ పెరోవ్‌స్కైట్ నేరుగా ఐటీఓకి తగులుతుంది, గదిలో ఆ తప్పు ఎండలో కన్నా గట్టిగా కనిపిస్తుంది. కింద సన్నని నికెల్ ఆక్సైడ్ పొర వేసి దానిమీద మోనోలేయర్ వేస్తే ఆ భయం తగ్గుతుంది, ఒక మెట్టు పని పెరుగుతుంది.

పెరోవ్‌స్కైట్ పొరని కాస్త మందంగా వేయడం కూడా పిన్‌హోల్స్‌కి సులువైన మందు.

## లోపాలు పూడ్చడం

పాసివేషన్ అనేదే రోజూ వాడే మాట. స్ఫటికంలో అయోడిన్ లేని ఖాళీలు, రేణువుల అంచులు, పై ఉపరితలం మీద తెగిన బంధాలు, ఇవన్నీ ఛార్జీలకి గోతులు. ఎండలో ఫోటాన్‌లు కుప్పలుగా వస్తుంటే గోతులు నిండిపోయి మిగతావి దాటిపోతాయి. గదిలో వచ్చేదే తక్కువ, దానిలో పెద్ద భాగం గోతుల్లోనే పోతుంది.

ఈ దారికి నేను ఎందుకంత ప్రాధాన్యం ఇస్తున్నానో రెండు ఫలితాలు పక్కపక్కన పెడితే అర్థమవుతుంది. 2018లో ఒక బృందం బ్యాండ్‌గ్యాప్ జోలికే పోలేదు. మామూలు మిథైలమ్మోనియం లెడ్ అయోడైడ్, 1.6 ఎలక్ట్రాన్ వోల్ట్‌ల దగ్గరిది, దానికి ఇంటర్‌ఫేస్ దగ్గర ఒక అయానిక్ లిక్విడ్ రాశారు. 1000 లక్స్‌లో 35.2 శాతం వచ్చింది. 2019లో ఇంకో బృందం అయోడిన్, బ్రోమిన్, క్లోరిన్ మూడూ కలిపి బ్యాండ్‌గ్యాప్‌ని 1.8కి తెచ్చింది, వోల్టేజ్ 1 వోల్ట్ దాటింది, సామర్థ్యం 36.2 శాతం. బ్యాండ్‌గ్యాప్ సరైన చోటికి తెచ్చినా మొత్తం తేడా ఒక్క శాతం. రెండు ల్యాబ్‌ల సెల్‌లని ఇలా నేరుగా పోల్చకూడదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను, కానీ లోపాలు తగ్గకుండా బ్యాండ్‌గ్యాప్ ఒక్కటే ఏమీ చేయలేదని చెప్పడానికి ఈ జంట చాలు.

ఇటీవలి ఉదాహరణ లండన్ యూనివర్సిటీ కాలేజీది. మొజ్తబా అబ్ది జలేబీ బృందం 2025లో ప్రచురించిన పనిలో మూడు రసాయనాలు కలిపి వాడారు: స్ఫటికం ఒకేలా పెరగడానికి రుబీడియం క్లోరైడ్, అయోడిన్, బ్రోమిన్ అయాన్లు కదలకుండా పట్టి ఉంచడానికి రెండు అమ్మోనియం లవణాలు. బ్యాండ్‌గ్యాప్ 1.75, 1000 లక్స్‌లో 37.6 శాతం. నాకు ఆ సంఖ్య కన్నా మన్నిక సంఖ్యలే నచ్చాయి: 100 రోజుల తర్వాత మొదటి సామర్థ్యంలో 92 శాతం నిలిచింది, లవణాలు వేయనిది 76కి పడింది. 55 డిగ్రీల్లో 300 గంటలు తీవ్రమైన వెలుతురు కింద ఉంచితే వేసినది 76, వేయనిది 47. అంటే ఒకే పనితో సామర్థ్యమూ, ఆయుష్షూ రెండూ దొరికాయి. వేరే ఏ దారిలోనూ ఇంత లాభసాటి బేరం లేదు.

జాగ్రత్త పడాల్సింది మోతాదు దగ్గర. ఫినైల్ ఇథైలమ్మోనియం లాంటి పెద్ద కాటయాన్‌లు (ధన అయాన్లు) ఎక్కువైతే పైన రెండు మితీయ పొర మందమై ఛార్జీలకి గోడ కడుతుంది. గదిలో కరెంటు తక్కువ కాబట్టి ఈ గోడ ఎండలోకన్నా కొంచెం ఎక్కువ సహించదగ్గదే, అయినా గాఢత మార్చుకుంటూ నాలుగైదు నమూనాలు చేయనిదే ఎక్కడ ఆగాలో తెలీదు. ఆ సిరీస్‌ని 200, 500, 1000 లక్స్‌ల్లో విడివిడిగా కొలవండి. ఎండలో బెస్ట్ వచ్చిన మోతాదే గదిలో బెస్ట్ అవ్వాలని లేదు.

## బ్రోమిన్ పెంచడం

ఫార్మామిడినియం లెడ్ అయోడైడ్ 1.48, మిథైలమ్మోనియం లెడ్ బ్రోమైడ్ 2.3. మధ్యలో ఎక్కడ ఆగాలి అన్నదే ప్రశ్న. సీజియం, ఫార్మామిడినియం కలిపిన దానిలో హాలైడ్‌ల్లో 40 శాతం బ్రోమిన్ ఉంటే 1.74 వస్తుంది. సిద్ధాంతం 1.9 అంటోంది కదా, ఇంకా వేద్దాం అనిపిస్తుంది. ఆగండి.

బ్రోమిన్ పెరిగేకొద్దీ స్ఫటికం తొందరపడి గడ్డకడుతుంది, రేణువులు చిన్నవవుతాయి, పిన్‌హోల్స్ పెరుగుతాయి. అంటే మొదటి రెండు సమస్యలనీ మీరే తెచ్చుకుంటారు. ఆ పైన 2015లో హోక్, మెక్‌గీహీ బృందం చూపించిన విషయం: వెలుతురు పడితే అయోడిన్, బ్రోమిన్ విడిపోయి అయోడిన్ గుంపులు ఏర్పడతాయి, అవి 1.68 దగ్గర వెలుగుతాయి, ఛార్జీలన్నీ అక్కడికే జారతాయి. కష్టపడి తెచ్చుకున్న వోల్టేజ్ పోతుంది. చీకట్లో పెడితే మళ్ళీ కలిసిపోతాయి, అందుకే పొద్దున కొలిచినప్పుడు బాగున్న సెల్ మధ్యాహ్నానికి తగ్గి, మర్నాడు మళ్ళీ బాగవుతుంది, విద్యార్థికి పిచ్చెక్కుతుంది.

తక్కువ వెలుతురులో ఈ విడిపోవడం నెమ్మదిస్తుంది కాబట్టి ఎండ సెల్‌లకి దాటకూడని గీతని గది సెల్ కొంత దాటవచ్చు. అందుకే నా సలహా 1.75 నుంచి 1.8 మధ్య ఆగమని. అక్కడి నుంచి 1.9కి సిద్ధాంతంలో దొరికే రెండు మూడు శాతం కోసం పొర నాణ్యతని పణంగా పెట్టడం నష్టబేరం. కొద్దిగా క్లోరిన్ కలపడం, మిథైలమ్మోనియం తగ్గించి సీజియం పెంచడం విడిపోవడాన్ని ఇంకా అదుపు చేస్తాయి. తైవాన్‌లో నేషనల్ యాంగ్ మింగ్ చియావో తుంగ్ యూనివర్సిటీవాళ్ళు 2025లో ఈ బ్యాండ్‌గ్యాప్ దారిలోనే 2000 లక్స్ దగ్గర 38.7 శాతం చూపించారు. అదే సెల్ ఎండలో ఇచ్చింది 12.7 శాతమే. ఎండ సంఖ్య చూసి సెల్‌ని చెత్తబుట్టలో వేసే అలవాటున్నవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. ఇంటి లైట్ల కింద 2000 లక్స్ దాదాపుగా ఉండదన్నది కూడా.

## పూర్తి ఇనార్గానిక్, సీజియం దారి

సీజియం లెడ్ అయోడైడ్‌లో మూడోవంతు అయోడిన్ తీసి బ్రోమిన్ పెడితే బ్యాండ్‌గ్యాప్ 1.9 దగ్గరికి వస్తుంది, గదికి అచ్చంగా సరిపోయేది. ఆవిరయ్యే సేంద్రియ భాగం లేదు కాబట్టి వేడికి గట్టిది. వినడానికి ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది. అయితే గదిలో సెల్ వేడెక్కదు. ఇక్కడి ఎండాకాలంలో కరెంటు లేని గది కూడా 45 డిగ్రీలు దాటడం అరుదు, ఎండలో డాబా మీద ప్యానెల్ పడే బాధ దీనికి లేదు. అంటే ఈ పదార్థపు అతిపెద్ద సుగుణానికి గదిలో గిరాకీ తక్కువ. దాని అతిపెద్ద దుర్గుణం, తేమ తగిలితే పనికిరాని ఫేజ్‌లోకి మారిపోవడం, గదిలోనూ అలాగే ఉంటుంది. పైగా అనీలింగ్‌కి, అంటే పొరని వేడిచేసి స్ఫటికం కట్టించడానికి, ఎక్కువ ఉష్ణోగ్రత కావాలి, ప్లాస్టిక్ షీటు మీద చేయాలనుకునేవాళ్ళకి అది కుదరదు. మంచి గ్లవ్ బాక్స్, ఓపిక రెండూ ఉంటే దిగండి.

## కార్బన్ ఎలక్ట్రోడ్

సిరీస్ నిరోధం లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఎండలో కార్బన్ సెల్‌లు వెనకబడటానికి ఒక ముఖ్య కారణం కార్బన్ పొర నిరోధం. గదిలో ఆ నిరోధం అర మిల్లీవోల్ట్ సంగతి. బంగారం ఆవిరి చేసే వాక్యూమ్ చాంబర్ అక్కర్లేదు, స్క్రీన్ ప్రింటింగ్‌తో పేస్టు పూస్తే అయిపోతుంది, కార్బన్ తేమని కూడా దూరం పెడుతుంది. చైనాలో వూహాన్‌లోని హాన్ హాంగ్‌వే బృందం 2014లో టైటానియం డయాక్సైడ్, జిర్కోనియం డయాక్సైడ్, కార్బన్ మూడు పొరలూ ప్రింట్ చేసి, వాటి రంధ్రాల్లోకి పెరోవ్‌స్కైట్ ద్రావణం ఇంకించే పద్ధతి చూపించింది. హైదరాబాద్ బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రంలో కూడా కార్బన్ పెరోవ్‌స్కైట్ సెల్‌ల మీద పని జరిగింది, కాబట్టి తెలుగు రాష్ట్రాల విద్యార్థులకి అడిగి తెలుసుకోవడానికి దగ్గర్లోనే మనుషులున్నారు.

లోటు ఏమిటంటే హోల్ పొర లేకుండా చేస్తే వోల్టేజ్ కొంత తగ్గుతుంది, రంధ్రాల పొరల్లో ఉపరితలం ఎక్కువ కాబట్టి లోపాలు కూడా ఎక్కువ. అయితే మధ్యలో ఉండే జిర్కోనియం డయాక్సైడ్ పొర కార్బన్‌నీ కింది పొరనీ తాకనివ్వదు, లీకేజీకి అదే అడ్డుకట్ట. రికార్డు కావాలనుకునేవాళ్ళకి ఈ దారి నచ్చదు. పరికరాలు తక్కువున్న కాలేజీ ల్యాబ్‌కి ఇంతకన్నా తగినది నాకు కనిపించడం లేదు.

## సీసం లేని దారి

ముందు లెక్క. అర మైక్రోమీటరు మందం పొరలో ఒక చదరపు మీటరుకి సీసం గ్రాము లోపే ఉంటుంది, పది చదరపు సెంటీమీటర్ల సెన్సార్ సెల్‌లో మిల్లీగ్రాము లోపే. ఇంతేనా అనిపిస్తుంది కానీ ఎలక్ట్రానిక్ వస్తువుల్లో ప్రమాదకర పదార్థాలకి హద్దు పెట్టే యూరప్ రోహ్స్ నియమం బరువులో 0.1 శాతాన్ని ఒక్కో సజాతీయ పదార్థానికి విడిగా చూస్తుంది. పెరోవ్‌స్కైట్ పొరలో సీసం బరువులో మూడోవంతు. నిపుణులు ఒకచోట శాశ్వతంగా బిగించే సోలార్ ప్యానెల్‌లకి ఆ నియమంలో మినహాయింపు ఉంది, చేతిలో పట్టుకుతిరిగే గాడ్జెట్‌లోని సెల్‌కి ఆ దారి మూసుకుపోతుంది. కాబట్టి డాబా మీది పెరోవ్‌స్కైట్ కన్నా పిల్లల గదిలో పెట్టే పెరోవ్‌స్కైట్‌కే సీసం పెద్ద తలనొప్పి.

మరి తగరం? రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న తగరం గాలి తగిలితే నాలుగు పోగొట్టుకున్న స్థితికి మారిపోతుంది, దాంతో పొర తనంతట తానే డోప్ అయి డార్క్ కరెంటు, అంటే చీకట్లోనూ పారే లీకేజీ, పెరుగుతుంది. గదిలో డార్క్ కరెంటే శత్రువు అని పైన చూశాం కదా. టిన్ ఫ్లోరైడ్ కలిపి ఆక్సీకరణని తగ్గిస్తారు, ఆపలేరు. ఆంటిమొనీ, బిస్మత్ పదార్థాలు గాలికి బాగా తట్టుకుంటాయి, బ్యాండ్‌గ్యాప్ కూడా 1.9, 2 దగ్గర ఉంటుంది, కానీ 2020 ప్రాంతంలో చూపించిన సామర్థ్యం 1000 లక్స్‌లో 4, 5 శాతం. అది మార్కెట్లో ఉన్న అమార్ఫస్ సిలికాన్‌లో (కాలిక్యులేటర్లలో వాడే రకం) తక్కువ రకాల స్థాయి. ఐదేళ్ళ పీహెచ్‌డీకి, కొత్త పదార్థాలంటే ఇష్టం ఉన్నవాళ్ళకి మంచి విషయం. ఎనిమిది నెలల ప్రాజెక్టుకి వద్దు.

## అసలు పెరోవ్‌స్కైటే కావాలా?

సెల్ చేయడం కాకుండా సెన్సార్ నడపడమే మీ పనైతే ఈ ప్రశ్న వేసుకోక తప్పదు. ఒక సీఆర్2032 బటన్ బ్యాటరీలో 225 మిల్లీఆంపియర్ అవర్లు, అంటే సుమారు 2400 జౌళ్ళు. సెన్సార్ సగటు వాడకం 20 మైక్రోవాట్లయితే కాగితం మీద నాలుగేళ్ళకి దగ్గరగా వస్తుంది. దానికి సోలార్ ఎందుకు? వాడకం 100 మైక్రోవాట్లయితే తొమ్మిది నెలలకే బ్యాటరీ మార్చాలి, అలాంటివి ఒక భవనంలో రెండు వందలుంటే అప్పుడు కథ మారుతుంది.

పది చదరపు సెంటీమీటర్లు, 200 లక్స్, రోజుకి ఎనిమిది గంటల వెలుతురు అనుకుందాం. బజార్లో దొరికే ఇండోర్ అమార్ఫస్ సిలికాన్ చదరపు సెంటీమీటరుకి 4 నుంచి 5 మైక్రోవాట్లు ఇస్తుంది. రోజంతా సగటు తీసి, కన్వర్టర్ నష్టం పోగా మిగిలేది 11 మైక్రోవాట్లు. 25 శాతం ఇచ్చే పెరోవ్‌స్కైట్ మాడ్యూల్ అయితే 37 దగ్గర. మూడు రెట్లకు పైగా తేడా ఉంది, కానీ అమార్ఫస్ సిలికాన్ 1980 నుంచి కాలిక్యులేటర్లలో ఉంది, దాని ఆయుష్షు గురించి ఎవరికీ అనుమానం లేదు. చోటుంటే మూడు రెట్ల పెద్ద ముక్క పెట్టుకోవడమే చవక.

మధ్యలో డై సెల్‌లున్నాయి, అంటే రంగు అణువులతో వెలుతురు పీల్చుకునేవి. రాగి సమ్మేళనాల ఎలక్ట్రోలైట్‌తో 2017లోనే 1000 లక్స్‌లో 28.9 శాతం చూపించారు, ఆ తర్వాత 38 దాకా వెళ్ళారు. స్వీడన్ కంపెనీ ఎక్సెజర్ సెల్‌లు హెడ్‌ఫోన్‌లలో అమ్ముడవుతున్నాయి, తిరువనంతపురం సీఎస్ఐఆర్ నీస్ట్‌లో, హైదరాబాద్ ఐఐసీటీలో డై సెల్‌ల మీద పని ఉంది. ఈ రంగంలో ముఖ్యమైన 1993 నాటి రుథేనియం డై పేపర్‌కి మొదటి రచయిత ఉస్మానియాలో చదివిన నజీరుద్దీన్. సీసం లేదు, మన్నిక లెక్క తెలిసినదే. ద్రవం కారకుండా సీల్ చేయడమే వీటి బాధ. ఉత్పత్తిని వచ్చే ఏడాదికే బయటికి తేవాలంటే నేను వీటినే ముందు చూస్తాను. ప్లాస్టిక్ మీద ముద్రించే సేంద్రియ సెల్‌లు కూడా ఉన్నాయి, స్వీడన్‌లోని ఎపిషైన్ అమ్ముతోంది, వంగే ఆకారం కావాలంటే అవి. పెరోవ్‌స్కైట్‌లో పోలండ్‌కి చెందిన సౌలే, ఆస్ట్రేలియాకి చెందిన హాలోసెల్ ఇండోర్ వాడకం వైపు అడుగులేశాయి.

## ఎవరు దేన్ని పట్టుకోవాలి

ఎనిమిది, పది నెలల ప్రాజెక్టు, గ్లవ్ బాక్స్ కోసం క్యూ ఉన్న ల్యాబ్: కార్బన్ సెల్, దానిమీద ఒకే ఒక పాసివేషన్ లవణం, మూడు వేర్వేరు లక్స్ స్థాయిల దగ్గర కొలతలు. ఫలితం చిన్నదైనా పూర్తవుతుంది.

పీహెచ్‌డీ మొదలుపెట్టినవాళ్ళు, మంచి సౌకర్యాలున్నవాళ్ళు: టిన్ ఆక్సైడ్ గానీ మోనోలేయర్ గానీ పెట్టి షంట్ నిరోధం మెగా ఓమ్ దాటేదాకా బ్రోమిన్ పాళ్ళు ముట్టుకోకండి. తర్వాత 1.75 దగ్గర కూర్చుని లవణాల మీద పనిచేయండి. సీసం లేని పదార్థాల్లోకి వెళ్ళాలనుంటే గైడుతో మొదటి ఏడాదిలోనే తేల్చుకోండి, మూడో ఏడాదిలో మారడం చాలా కష్టం.

చిన్న కంపెనీవాళ్ళు సరఫరాదారు ఇచ్చే డేటాషీట్‌లో మూడు విషయాలు అడగాలి: 200 లక్స్‌లో మాడ్యూల్ ఇచ్చే మైక్రోవాట్లు, ఏ లైటు కింద కొలిచారు, ఎంత విస్తీర్ణం మీద. 0.1 చదరపు సెంటీమీటరు సెల్ మీద వచ్చిన 37 శాతాన్ని మాడ్యూల్‌కి అంటగట్టేవాళ్ళు ఉంటారు. లక్స్ అనేది మనిషి కంటి స్పందనని బట్టి లెక్కగట్టే కొలత, అందుకే 2700 కెల్విన్ పసుపు ఎల్‌ఈడీకీ, 6500 కెల్విన్ తెల్ల ట్యూబుకీ లక్స్ ఒకటే ఉన్నా శక్తి ఒకటి కాదు. స్పెక్ట్రోమీటర్‌తో కొలిచిన మైక్రోవాట్లు లేని సామర్థ్యం సంఖ్యని నమ్మకండి. ల్యాబ్ విద్యార్థులకీ ఇదే వర్తిస్తుంది, సెల్ విస్తీర్ణానికి హద్దు గీసే మాస్కు లేకుండా కొలిస్తే పక్కనుంచి వచ్చే వెలుతురే మీ రికార్డవుతుంది.

ఇంట్లో సరదాగా చేసేవాళ్ళకి పెరోవ్‌స్కైట్ ఇప్పట్లో అక్కర్లేదు. ఇండోర్ రకం అమార్ఫస్ సిలికాన్ ముక్క ఒకటి, సెల్ ఇచ్చే కొద్ది కరెంటుని పోగుచేసే బీక్యూ25570 లాంటి హార్వెస్టర్ బోర్డు, చిన్న సూపర్ కెపాసిటర్ తీసుకోండి. కెపాసిటర్ ఖాళీగా ఉన్నప్పుడు ఆ చిప్ మొదలవడానికి సుమారు 600 మిల్లీవోల్ట్‌లు కావాలి, ఒకసారి మొదలయ్యాక 100 దాకా లాగుతుంది. వైఫైతో ఈఎస్‌పీ32 బోర్డు నడపాలనే కోరిక మాత్రం వదులుకోండి, ప్రసారం చేసేటప్పుడు అది వంద మిల్లీఆంపియర్లు దాటుతుంది. బ్లూటూత్ లో ఎనర్జీ బోర్డు పెట్టి పది నిమిషాలకోసారి ఉష్ణోగ్రత పంపితే హాల్లో ట్యూబులైటు వెలుగు సరిపోతుంది, సెల్‌ని అలమారా పైన కాకుండా లైటుకి ఎదురుగా గోడ మీద పెడితే.